నంద్యాల నిరీక్షణము
(దక్షిణ ఇండియా సంఘ నిబంధనలపై ఒక విమర్శ)

అనంతపుర మండలమున చెరువు గల గ్రామములలో నీరుగంటి యనువా డొక డుండును. తూము తెఱచుట, మూయుట, ఏ మడికెంత నీరు పోవలెనో చూచుట వాని పని. చెరువు నిండిన యేట వాని యధికారము నెవరును తలపరు. వాన కురియని యేట, ఆ యధికారము వానికెవ రిచ్చిరను ప్రశ్న రచ్చబండ నెక్కును. దక్షిణ ఇండియా సంఘపు నిబంధన గ్రంథమును చదువుచుండగా నాకు మాటిమాటికి ఆ నీరుగంటియే జ్ఞప్తికి వచ్చుచుండెను. క్రైస్తవులు కాని పాఠకులకు గూడ ఈ గ్రంథము పరిశీలింపదగినదే. భిన్నాచారములు గలవారు ఒక సభగా నెట్లు కూడవలె ననునది ఒక్క మతమునకు చెందిన ప్రశ్న కాదు గదా!

ఇందలి వివాదమంతయు గురుత్వము నెవ రీయవలెనను దానిపై నిలిచినది. ఆంగ్లికనులకు బిషప్పు తలపై చేతులుంచి యభిషేకించినవాడే గురువు. ఆ పరంపర అపొస్తలుల నుండి తెగక వచ్చుచున్నదని వారి విశ్వాసము. కాంగ్రిగేషనలు వారికి బిషప్పే లేడు. కూడి ప్రార్థించు సంఘమే తన గురువును నిర్ణయించుకొనును. ఈ రెండు పద్ధతులును మన సీమలో ఇరుగుపొరుగున పెరిగినవి. అనంతపురము, గుత్తి, కడప, బళ్లారి ప్రాంతములలో లండను మిషను వారు, నంద్యాల, కర్నూలు ప్రాంతములలో ఆంగ్లికనులగు ఎస్.పి.జి. మిషను వారు పనిచేసిరి. రెండు చోట్లను సంఘములలో చేరినవారిలో పెక్కుమంది మాలపల్లెల, మాదిగపల్లెల వారే. ఒకే కరవున నలిగినవారు, ఒకే భాషలో ప్రార్థించినవారు. వారి నడుమనున్న ఈ గోడ సీమదొరల దేశమున కట్టబడినదే గాని యిచట పుట్టినది కాదు.

దానిని పడగొట్టవలెనని 1919లో తరంగంబాడిలో ముప్పదిమువ్వురు బోధకులు కూడి ప్రకటన చేసిరి. ఇద్దరు దప్ప తక్కినవారెల్లరు భారతీయులు. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పైన ప్రథమ భారతీయుడు, దోర్నకల్ అధ్యక్షుడు అజరయ్యగారు వారిలో ముఖ్యులు. 1929లో యోజన యొక్క మొదటి కూర్పు వెలువడెను. మెథడిస్టులు 1943లోను, ఆంగ్లికనులు 1945 జనవరిలోను, ఐక్యసంఘము వారు 1946లోను సమ్మతించిరి. అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి దేవాలయమున జరిగిన ఐక్యమును చూడ వారికి ప్రాప్తి లేకపోయెను.

గ్రంథమున నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది ఒక ప్రతిజ్ఞ. అప్పటికే గురువులైనవారి కెవరికిని మరల అభిషేకము లేదు. ఇకమీదట మాత్రము బిషప్పులే యభిషేకింతురు. ముప్పదియేండ్లు గడచిన పిదప మిగిలిన భేదములను సంఘమే విచారించుకొనును. అంతవరకు, మనస్సాక్షి యొప్పని గురువును ఏ సంఘముపైనను బలాత్కారముగా నుంచరు. వచనముగా చూచిన నిది నీరసము. ప్రతి వాక్యమును వెనుకకు చూచుకొనుచు నడచును. ఆంగ్లకవి టి. ఎస్. ఎలియట్ 1943లో ఒక చిన్న పుస్తకము వ్రాసి ఈ యోజనను ఖండించెను. పదముల తూకమెఱిగిన కవికి ఇట్టి సందిగ్ధత రోత పుట్టించుట సహజమే. కాని కవిత్వమున దోషమైనది కాపురమున గుణము కావచ్చును. అన్ని మాటలకును ముందుగానే అర్థము తేల్చుకొని పెండ్లాడిన దంపతు లెందఱు?

ఈ ప్రతిజ్ఞకు పరీక్ష నంద్యాలలో జరిగెను. అచటి ఆంగ్లికనులలో పెక్కుమంది ఐక్యమున చేరక పాత సంఘముననే నిలిచిరి. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షఖండమయ్యెను. 1975లో గాని దక్షిణ ఇండియా సంఘమున చేరలేదు. తరంగంబాడి నుండి మద్రాసునకు ఇరువది యెనిమిదేండ్లు. మద్రాసు నుండి నంద్యాలకు మరల ఇరువది యెనిమిదేండ్లు! అనంతపురము వారి సంగతి మాత్రము ఎవరును ప్రస్తావింపరు. తాతలనాడు ఎఱుగని బిషప్పును వారు 1947లో స్వీకరించిరి. కాదన్నవానికి చరిత్రలో పుట లభించును. సర్దుకొన్నవానికి పంక్తియైనను లభింపదు.

ఇక నా యాక్షేపణ. ఈ యోరిమి యంతయు ఎవరికొఱకు? గురువుల మనస్సాక్షికి ముప్పదియేండ్ల గడువిచ్చిరి. స్త్రీ గురువు కావచ్చునా యను ప్రశ్నకు ఐక్యమునాడు చోటే లేకపోయెను. 1970 దాటినగాని దానికి తూము తెఱవబడలేదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు క్రైస్తవులైన మాల మాదిగలను షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపలనే యుంచినది. నేటికిని వారు వేచియే యున్నారు. అభిషేకపు చేతులను గూర్చి తరించునంత సూక్ష్మముగా తర్కించిన పెద్దలు, ఆ చేతులు తాకిన తలలు ఏ పల్లెనుండి వచ్చినవో అంత సూక్ష్మముగా తర్కింపలేదని నా యభిప్రాయము. వానకై వేచియుండుట వేఱు, తూముకడ నిలువబెట్టబడుట వేఱు.

అయినను 2013 సెప్టెంబరు 29న జరిగినదానిని మఱువరాదు. ఆనాడు ఇ. పుష్పలలితగారు ఈ సంఘమునకు ప్రథమ స్త్రీ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆమె ఖండము నంద్యాల! బిషప్పు చేతుల పరంపర యెక్కడ చెడునోయని ఐక్యమునకే దూరముగ నిలిచిన నేలపై, ఆ పరంపర ఒక స్త్రీకి సంక్రమించెను. తలపై నుంచిన చేతులలో నేది యే మిషను వారసత్వమో విడదీయుట అప్పటికి ఎవరికిని శక్యము కాదు. ప్రతిజ్ఞను వ్రాసినవారు ఇట్టి ఫలితమును కలలోనైన ఊహించియుందురా?

ఇటీవలి వివాదముల స్థాయి వేఱు. 2022లో బిషప్పుల విశ్రాంతి వయస్సును అఱువదియేడు నుండి డెబ్బదికి పెంచు సవరణను మహాసభ తలపెట్టెను. దానికి ఖండసభల యామోదము నిబంధనల ప్రకారము లభించెనా యను తగవు మద్రాసు ఉన్నత న్యాయస్థానమున కెక్కెను. ఒక్క నంద్యాల సమ్మతికై ఇరువది యెనిమిదేండ్లు కాచుకొన్న సంఘము, మూడేండ్ల పదవీకాలమునకై న్యాయవాదుల నాశ్రయింపవలసి వచ్చెను.