వాన లేని ఆకుపచ్చ

పొద్దున లేవగానే పేపరు కంటే ముందు బందరు డాప్లర్ రాడార్ బొమ్మ చూడటం నా అలవాటు. సంక్రాంతి రోజుల్లో, మంచు పట్టిన తెల్లవారుజామున, ఒక్కోసారి అందులో ఆకుపచ్చ మచ్చలుంటాయి. రంగుల పట్టీ ప్రకారం అది వాన. బెజవాడలో మాత్రం ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, తేమ తగ్గుతుంది. అందుకే రాడార్ కిరణం మామూలు రోజున కూడా కొద్దిగా నేలవైపు వంగుతుంది. అర డిగ్రీ పైకి చూపిన కిరణం, సూటిగా 65 కిలోమీటర్ల దూరంలోని బెజవాడ చేరేసరికి 800 మీటర్ల ఎత్తున ఉండాలి. రాత్రంతా నేల చల్లబడి, కింద తడిగాలి, పైన వెచ్చటి పొడిగాలి పొరలుగా నిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. బాగా వంగిన కిరణం కొండలకో కట్టడాలకో తగిలి వెనక్కొస్తుంది. రాడార్ దాన్నీ వానగానే రాసుకుంటుంది. సముద్రం మీది తేమగాలి పైకి భూమి నుంచి పొడిగాలి జారినా ఇంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయి రాడార్‌కి వెయ్యి మైళ్ళు దాటి అరేబియా తీరం కనిపించింది ఇలాంటి గాలి పొరల్లోనే.

సిగ్నల్ పోతే మనం వాననే తిడతాం. ఇంటి మీది డిష్ విషయంలో అది న్యాయమే. టవర్ల మధ్య దూరపు మైక్రోవేవ్ లింకులకు మాత్రం ఈ పొరలు చెదరకుండా నిలిచే, గాలి ఆడని ప్రశాంతమైన రాత్రే గండం. నీళ్ళు నిలిచిన వరిచేలూ రొయ్యల చెరువులూ సిగ్నల్‌ని అద్దంలా తిప్పికొడతాయి. నేరుగా వచ్చినదీ, నీటి మీద పడి వచ్చినదీ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకే ఒకే టవర్‌పై, ఒకదాని కింద ఒకటిగా రెండు డిష్‌లు పెడతారు. తుఫాను గాలి ఈ పొరలన్నిటినీ కలిపేస్తుంది. బందరు రాడార్ తరంగం పొడవు పది సెంటీమీటర్లు కాబట్టి కుండపోతలోనూ దాని బలం పెద్దగా తగ్గదు. అందుకే దాని బొమ్మను నేను తుఫాను రోజునే ఎక్కువ నమ్ముతాను.

మిగతా రోజుల్లో, మచ్చ కదులుతోందో లేదో చూపే రాడార్ వేగం బొమ్మ కూడా తెరవాలి. కొండలు కదలవు, వేగం సున్నా దగ్గర చూపిస్తాయి. కెరటాలు కదులుతాయి గనక తీరం దాటాక ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ పై కోణం బొమ్మ చూడాలి. ఒకటి రెండు డిగ్రీలు ఎత్తగానే మచ్చ మాయమైతే అనుమానించాలి. అయితే దూరాన తక్కువ ఎత్తు మేఘాల నుంచి పడే అసలు వాన కూడా అలాగే మాయమవుతుంది. అప్పుడు ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకోక తప్పదు.