బీజగణితమూ, ఓటుహక్కూ

రాబర్ట్ మోజెస్, చార్లెస్ కాబ్ కలసి వ్రాసిన “రాడికల్ ఈక్వేషన్స్” (2001) గణితబోధనను గురించిన పుస్తకం. కాని అందులో పెద్దభాగం అమెరికాలోని మిసిసిపీ పల్లెల్లో, పాలుకు దున్నే నల్లజాతి రైతులు ఓటుహక్కుకోసం చేసిన పోరాట చరిత్ర. ఈ రెంటికీ సంబంధమేమిటన్నదే పుస్తకంలోని ముఖ్య విషయం.

1961లో మోజెస్ మిసిసిపీలో ఓటర్ల నమోదుకు పూనుకొన్నాడు. నమోదు కావాలంటే, అధికారి చూపిన రాష్ట్ర రాజ్యాంగ ప్రకరణానికి అర్థం వివరించాలి. వివరణ సరిపోయిందో లేదో తేల్చేదీ ఆ అధికారే. చదువు అందకుండా చేసిన ప్రభుత్వమే, చదువు రాదని ఓటు నిరాకరించింది! 1965 ఓటుహక్కు చట్టంతో ఆ పరీక్షకు అడ్డుకట్ట పడింది. అయితే అదే పద్ధతి బడిలో మిగిలే ఉందని మోజెస్ వాదం. కేంబ్రిడ్జి పట్టణంలో తన కూతురు చదివే బడిలో పిల్లలను “సామర్థ్యాన్ని” బట్టి విడదీశారు. బీజగణితానికి దూరంగా ఉంచిన వరుసలో అధికులు నల్లపిల్లలే. 1982లో ఆయన “ఆల్జీబ్రా ప్రాజెక్టు” ఆరంభించాడు.

ఆయన బోధనాపద్ధతి నన్ను బాగా ఆకర్షించింది. పిల్లలను భూగర్భ రైలులో తిప్పుతాడు. తిరిగివచ్చి వారు బొమ్మ గీస్తారు, తమ మాటల్లో చెబుతారు, ఆ మాటలను క్రమబద్ధం చేస్తారు, చివరకే గుర్తులు. “ఎన్ని స్టేషన్లు?” అన్న ప్రశ్న ప్రక్కన “ఏ దిక్కుకు?” అన్న ప్రశ్న చేరగానే ఋణసంఖ్య అవసరమని పిల్లలే గ్రహిస్తారు.

మనకిది పరాయి విషయం కాదు. “రెండు రూపాయల వడ్డీ” అంటే నూటికి నెలకు రెండు రూపాయలని బడి మొహం చూడని తల్లికి తెలుసు. బడి దాన్నే “సాలీనా 24 శాతం” అంటుంది. ఈ రెండు మాటలనూ కలిపే మెట్టు లేకపోతే, కూలివాని బిడ్డకు ఇంట్లో వచ్చిన లెక్క బడిలో రానిదవుతుంది. ఆ పిల్లకు తెలివి లేదని మనమే మార్కుల పట్టీలో వ్రాస్తాం.

ఇక నా అభ్యంతరం. కంప్యూటరు యుగంలో గణితం రానివాడికి ఆర్థికంగా స్థానం ఉండదు, కనుక బీజగణితం పౌరహక్కు అంటాడు మోజెస్. ఉద్యోగాలెన్నో నిర్ణయించేది బీజగణితమా? లాభాన్ని చూసుకొనే పెట్టుబడి కాదా? అందరికీ బీజగణితం వస్తే జల్లెడ కలనగణితం దగ్గరకు జరుగుతుంది. మన ప్రవేశపరీక్షల్లో ఎంతమంది సిద్ధపడినా సీట్లు పెరగవు, కోచింగు ఫీజులే పెరుగుతాయి. ద్వారం తెరవమని అడిగిన రచయిత, ఆ ద్వారం అక్కడ ఎవరు నిలిపారని గట్టిగా అడగలేదు.

అయినా ఈ లోపంవల్ల పుస్తకం విలువ పోదు. మిసిసిపీ రైతులకు ఓటు అక్కరలేదని పెద్దలు చెప్పుకొనేవారు. రైతులే కచేరీల ముందు బారులు తీరి ఆ మాటను అబద్ధం చేశారు. 1996లో ఈ ప్రాజెక్టులో చదివిన యువకులే సంఘంగా ఏర్పడి చిన్నపిల్లలకు గణితం చెప్పసాగారు. ఉద్యోగంమాట ఎలా ఉన్నా, షావుకారు ఖాతానూ ప్రభుత్వపు బడ్జెటునూ స్వయంగా సరిచూడగలవారిని మోసగించడం కష్టం. గణితాన్ని హక్కుగా అడగడానికి నాకు ఈ కారణమే బలంగా కనిపిస్తుంది. ఉపాధ్యాయ మిత్రులు ఈ పుస్తకాన్ని చదివి, తమ తరగతిలో వెనుక బెంచీలపై కూర్చున్నది ఎవరి పిల్లలో ఒకసారి లెక్కవేయాలని నా కోరిక.