ఉన్నదే ఒకటి

ఈ వారం మా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో నర్సమ్మ బీపీ చూసిన తీరు నాకెంతో నచ్చింది. ఎండన పడి వచ్చిన పెద్దాయన ఆయాసపడుతూనే చెయ్యి చాపితే, "కాసేపు కూర్చో తాతా, తొందరేముంది" అంది. ఐదు నిమిషాలు ఆగాక వీపు కుర్చీకి ఆనించి, చొక్కా చెయ్యి తీయించి, చేతిని గుండె ఎత్తుకి వచ్చేలా బల్ల మీద పెట్టించింది. ఆయన పొలం కబుర్లు ఎత్తుకుంటే "ఇప్పుడు మాట్లాడకు" అంది. గాలి మెల్లగా వదిలింది. రెండోసారీ చూసి, అప్పుడు రాసింది.

యంత్రం కన్నా మనిషే ముఖ్యమన్నది నా పాత పాట. మళ్లీ అదే రాద్దామనుకున్నాను గానీ, ఆ బీపీ మిషను పట్టీ నన్ను వదలడం లేదు. వెల్‌క్రో అరిగిపోయి, గాలి ఎక్కేకొద్దీ చర్రున ఊడొస్తోంది. ఆమె స్టెతస్కోపు పట్టుకుంటే, పట్టీని ఆయా అదిమి పట్టుకుంది. తర్వాత వచ్చిన లావుపాటి ఆవిడ జబ్బకు అది చుట్టు కూడా రాలేదు. చిన్న పట్టీతో చూస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. లేని జబ్బుకి రోజూ మాత్ర! ఎంత పనిమంతురాలైనా ఆ తప్పును చేత్తో సరిదిద్దలేదు.

బీపీ మిషను అరుదైన పరికరమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రుల సర్వేలో మౌలిక పరికరాలు ఆరే: పెద్దల తూకం, పిల్లల తూకం, థర్మామీటరు, స్టెతస్కోపు, బీపీ మిషను, పరీక్షకి లైటు. ఉందా అని అడిగి ఊరుకోరు, పనిచేస్తోందా అనీ చూస్తారు. మన దేశంలో జాతీయ ఆరోగ్య మిషన్ 29,115 ఆసుపత్రుల్లో 7,56,750 పరికరాలు లెక్కేస్తే, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పనిచేయనివే. అందుకే 2015లో మరమ్మతుల పథకం తెచ్చారు. మంచి పని. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం కాలం పనిచేయాలన్నారు, సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ)లో 90, పీహెచ్‌సీలో 80.

నాకు మింగుడుపడనిది ఇదే. జిల్లా ఆసుపత్రిలో ఒకటి మూలపడితే పక్క వార్డు నుంచి తెచ్చుకుంటారు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒకటిగా పెట్టిన పీహెచ్‌సీలో చాలాసార్లు ఉన్నదే ఒకటి. 95 శాతం అడగాల్సింది అక్కడ. బీరువాలో రెండు సైజుల పట్టీలు అదనంగా ఉండాల్సిందీ అక్కడే.