ఉట్టి మోసే బరువు: కోల్‌కతా వస్త్రశిల్పంపై ఒక పరిశీలన

పైకప్పు నుంచి వ్రేలాడే వస్త్రశిల్పాన్ని ఆధునిక కళాశాలల సృష్టిగా పరిగణించడం పరిపాటి. ఈ మాట వంగదేశపు గృహిణికి వింతగా తోచవచ్చు. జనపనారను ముడివేసి అల్లిన 'శికా' ఆమె ఇంటిలో తరతరాలుగా వ్రేలాడుతూనే ఉన్నది. అది మన ఉట్టి వంటిదే. పాత చీరలను పొరలుగా పేర్చి, వాటి అంచుల నుంచి లాగిన దారంతో కుట్టిన 'కాంథా' మన బొంతకు తోబుట్టువు.

ఈ రెండింటిలోనూ ఒక న్యాయం ఉన్నది. ఉట్టిలో ముడి మొదట బరువు మోయాలి. అందం ఆ తరువాతది. కాంథాకు పాత బట్టను ఎన్నుకోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఎన్నో ఉతుకుల వల్ల వచ్చిన మెత్తదనం కొత్త బట్టకు ఉండదు. అంటే ఆ బట్ట గడిపిన పూర్వజీవితమే కొత్త వస్తువుకు గుణమైనది. మిశ్రమ సామగ్రితో నేడు చేస్తున్న వస్త్రశిల్పాలను ఈ ప్రమాణంతోనే పరీక్షించవలసి ఉన్నది.

పునర్వినియోగం దానంతటదే కళాగుణం కాదనడానికి మృణాళినీ ముఖర్జీ (1949–2015) శిల్పాలు నిదర్శనం. శాంతినికేతన్ కళాచార్యుడు బినోద్ బిహారీ ముఖర్జీ కుమార్తె అయిన ఈమె, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ శిష్యురాలు. 'యక్షి' (1984) వంటి కృతులలో ఆమె రంగులద్దిన నారతాళ్ళను, ముందుగా నమూనా గీయకుండా, చేతితో ముడులు వేస్తూ రూపం కల్పించింది. ఆ తాళ్ళు పాతవి కావు. అయినా తాటి బరువు, ముడి బిగువు, జారే మడత ఇవే అక్కడ రూపాన్ని నిర్ణయించాయి. సామగ్రిని మారిస్తే శిల్పమే ఉండదు.

కోల్‌కతాలో ఇటువంటి ప్రయోగాలు అత్యధిక సంఖ్యలో ప్రజల ముందుకు వచ్చేది దుర్గాపూజా మండపాలలో. 1985లో శారదోత్సవ పురస్కారాలు ఆరంభమైన తరువాత కళాత్మక పోటీ పెరిగింది. 2001లో బోస్‌పుకూర్ శీతలా మందిర్ మండపాన్ని మట్టి టీ కప్పులతో తీర్చారు. రోజూ తాగి పారవేసే కప్పును జనం కొత్త కంటితో చూశారు. 2021లో కోల్‌కతా దుర్గాపూజకు యునెస్కో గుర్తింపు లభించింది.

అయితే అన్ని మండపాలకూ ఈ ప్రశంస చెల్లదు. వందల చీరలు, గోనెలు వ్రేలాడదీసిన చోట, వాటి బదులు రంగు కాగితాలు కట్టినా తేడా తెలియకపోతే ఆ సామగ్రి కేవలం పైపూతే. రిష్రాలో 1855లో తొలి జనపనార మిల్లు వెలసింది. హుగ్లీ తీరపు మిల్లులలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వెళ్ళిన తెలుగువారూ చెమటోడ్చారు. ఆ శ్రమ జాడ లేకుండా గోనెను చూపి విశ్వమానవతను ప్రకటించడం, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగరబోవడమే.

ఇందులో మరొక లోపం ఉన్నది. పూజ ముగియగానే మండపాన్ని విప్పివేస్తారు. వెదురు, బట్ట మరొక వేడుకకు తరలిపోతాయి. ఈ పొదుపు మెచ్చదగినదే. కాని రూపకర్త పేరు పత్రికలలో నిలుస్తుంది. ముడివేసిన చేతుల పేర్లు నిలువవు. జోకాలోని గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి అనే స్త్రీ తన తండ్రి కోసం కుట్టిన కాంథా ఉన్నది. అందులో ఆమె తన పేరును దారంతోనే వ్రాసుకున్నది. ఆ వస్త్రం మనకు దక్కిందంటే గ్రామీణ కళలను శ్రద్ధతో సేకరించిన ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ (1882–1941) చలువే.

రాజ్యాలు అంతరించినా శాసనాలు మిగిలినందువల్లనే చరిత్ర వ్రాయగలుగుతున్నాము. విప్పివేసిన మండపానికి శాసనం లేదు. ఏ బట్ట ఎక్కడి నుంచి వచ్చినది, ఎవరు కట్టారు, తిరిగి ఎక్కడికి పోయినది అన్న మూడు వివరాలను ప్రతి పూజా సంఘమూ నమోదు చేయడానికి ఒక్క రిజిస్టరు చాలు. అది అధికారులకు కష్టమైన పని కాదు. విమర్శకునికి మాత్రం అంతకు మించిన ఆధారం ఉండదు.