నోరు తెరిచి చూస్తే

మా చీరాల వైపు ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. గిత్త వయసు యజమాని చెబితే చెల్లదు. పెద్దాయనొకరు కింది పెదవి జార్చి పళ్లు చూసి తేల్చాల్సిందే.

శిలాజాలు చదివేవాళ్లదీ అదే విద్య. వాళ్లకు జంతువు మొత్తం దొరకడం అరుదు. ఎముక చితికిపోయినా పన్ను మిగులుతుంది, దాని పైపూత దాదాపు 96 శాతం ఖనిజమే మరి. కుక్కకూ తోడేలుకూ 42 పళ్లు. మన నల్లమలలో తిరిగే రేచుకుక్కకు 40. కింది దవడలో రెండు వైపులా చివరి దంతం ఉండదు. మాంసం కోసే పెద్ద పన్ను వెనక భాగాన తోడేలుకు రెండు మొనలుంటే దీనికి ఒకటే. తిండి దాదాపు అంతా మాంసమే కాబట్టి నమలడం కంటే కోయడమే దానికి ముఖ్యం. ఒకప్పుడు రేచుకుక్కలు స్పెయిన్ దాకా బతికాయని తెలిసింది అక్కడి గుహల్లో దొరికిన ఇలాంటి పళ్లు, దవడల వల్లే.

మన బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. దొరికిన ఎముకలను పరిశీలించి రిచర్డ్ లైడెక్కర్ 1886లో గ్రంథం వెలువరించాడు. అందులో మచ్చల దుమ్ములగొండి ఉంది! ఇప్పుడది ఆఫ్రికాలోనే కనిపిస్తుంది. చూడగానే కుక్క జాతి అనుకుంటాం గానీ దానికి 34 పళ్లే. వాటిలో కొన్ని ఎముకలు పగలగొట్టేంత లావు. చుట్టరికం మాత్రం పిల్లి, ముంగిసలతో.

అయితే పంటిని గుడ్డిగా నమ్మడానికీ లేదు. లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో వేలకొద్దీ దొరికిన, ఎప్పుడో అంతరించిన డైర్ తోడేళ్లను, పళ్లూ ఎముకలూ చూసి మామూలు తోడేలుకు దగ్గరి బంధువులనే చాలామంది అనుకున్నారు. 2021లో డీఎన్ఏ చదివితే వంశమే వేరని తేలింది. ఏం తిని బతికిందో పన్ను చెబుతుంది, ఎవరి సంతానమో ప్రతిసారీ చెప్పదు. ఈమధ్య అమెరికాలో ఓ కంపెనీ మామూలు తోడేలు జన్యువులు కొన్ని మార్చి, డైర్ తోడేలును తిరిగి పుట్టించామంది. నా లెక్కలో అది తోడేలే.

బేతంచర్ల గుహలు చూడబోయేవారికి ఒక మాట. మట్టిలో పన్నో ఎముకో కనబడితే పెకలించి జేబులో వేసుకోకండి. ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని కాలం తేల్చడం కష్టం. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని జియలాజికల్ సర్వేవారికి గానీ పురావస్తు శాఖకు గానీ చెప్పండి.