భోగిపళ్ళు, బుడుగు, మన కథల్లోని పిల్లలు

మొన్న సంక్రాంతికి విజయవాడలో మా అమ్మాయి ఇంట మా మనవడికి భోగిపళ్ళు పోశారు. వాడికి మూడేళ్ళు నిండాయి. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, వాటిలో కలిపిన రూపాయి బిళ్ళలు. పేరంటాళ్ళు ఒక్కొక్కరే గుప్పిట నింపుకొని వాడి తల చుట్టూ తిప్పి నెత్తిన పోశారు. వాడు కళ్ళు గట్టిగా మూసుకొని, మళ్ళీ తెరిచి, ఇంకా పొయ్యమన్నట్టు చూశాడు.

ఆ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఆ రోజు తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆరేళ్ళ పిల్ల. గడప అవతల నిలబడి, నేలమీద దొర్లుతున్న బిళ్ళలను కళ్ళతో లెక్కపెడుతోంది. "ఇప్పుడు ముట్టుకోకమ్మా, అయ్యాక తీసుకుందువు గాని" అంది మా ఆవిడ. పోసిన పళ్ళు పిల్లవాడు తినకూడదని మా ఇళ్ళలో ఆచారం. వాడి దిష్టి వాటితో పోతుందని నమ్మకం. అంచేత కింద పడినవాటిని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. మావాడికి ఈ శాస్త్రం తెలియదు. ఒళ్ళో పడిన రేగుపండొకటి ఆ పిల్లకిచ్చి, ఇంకొకటి తన నోట్లో వేసుకున్నాడు. ఇద్దర్నీ ఒక్కసారే కేకలేశారు: వాణ్ణి తిన్నందుకు, ఆ పిల్లను ముందే తీసుకున్నందుకు. నేనేమీ అనలేదు. నలభై ఏళ్ళకు పైగా అభ్యుదయ రచయితల మధ్య తిరిగినవాణ్ణి, ఫొటోలో సరిగ్గా పడడం కోసం కుర్చీ కాస్త ఇటు జరుపుకున్నాను.

ఈ సంగతి ఇక్కడ రాస్తున్నది పాపం కడుక్కోవడానికి కాదు. ఆ రాత్రి మా అమ్మాయి "నాన్నా, వీడికేదైనా చదివి వినిపించు" అని నా చేతిలో 'బుడుగు' పెట్టింది. చదువుతూ ఉంటే పొద్దున జరిగింది మనసులోంచి పోలేదు. చిన్న పిల్లలున్న ఇల్లు, ఆ ఇంట్లో పండుగ మన సాహిత్యంలో ఎవరి కంటికి ఎలా కనబడ్డాయి అన్న ప్రశ్న ఆ రాత్రే నన్ను పట్టుకుంది.

ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' 1956-57 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. బొమ్మలు బాపువి. మధ్యతరగతి కాలక్షేపమని మనలో చాలామంది దాన్ని పక్కన పెట్టడం నేను చూశాను. నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు అనను. తెలుగు వచనంలో పిల్లవాడు అంతకుముందు లేడని కాదు. ఉన్నాడు, కాని పెద్దవాళ్ళ ఒడిలో ఉన్నాడు. పెద్దలు వాణ్ణి ముద్దు చేశారు, వాడికి నీతి చెప్పారు, వాడి చేత పద్యాలు అప్పజెప్పించుకున్నారు. రమణ వాణ్ణి ఒడిలోంచి దించి నేలమీద నిలబెట్టాడు. అక్కణ్ణుంచి చూస్తే ప్రైవేటు మేష్టరు గొప్పవాడు కాడు, నాన్న సర్వజ్ఞుడు కాడు, లావుపాటి పక్కింటి పిన్నిగారూ ఆవిడ మొగుడూ మర్యాదస్తులు కానక్కరలేదు. బిడ్డల మీద పెద్దలు చేసే అధికారాన్ని చలం 'బిడ్డల శిక్షణ'లో వాదించి నిలదీశాడు. రమణ వాదించలేదు, నవ్వించాడు. వాదనకు లొంగని ఇళ్ళలోకి కూడా ఆ నవ్వు జొరబడింది. ఇది అభ్యుదయం కాదంటే అభ్యుదయమన్న మాటకు అర్థమేమిటో నాకు తెలియదు.

కాని ఆ ఇంటిని కాస్త తేరిపార చూడండి. బుడుగుకు పడే పెద్ద శిక్ష స్తంభానికి కట్టెయ్యడం. వాడి భయాలు బడి, మేష్టరు, దెబ్బలు. రేపు అన్నం ఉంటుందా అన్న భయం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వాడికి అల్లరి చేయడానికి రోజంతా ఉంది. తమ్ముణ్ణి చంకనేసుకొని తిరగనక్కరలేదు, నీళ్ళు మోయనక్కరలేదు. అల్లరికి తీరిక కావాలి. ఆ తీరిక ఏ ఇళ్ళలో దొరుకుతుందో బుడుగుకు తెలియనక్కరలేదు, వాడు పిల్లవాడు. పాఠకులమైన మనకు తెలిసి ఉండాలి. మనం ఆ తీరికను చూడకుండా, 'అచ్చమైన తెలుగు పిల్లవాడు' అని వాడికి పేరు పెట్టాం. ఆ తప్పు రమణది కాదు, మనది.

రమణకు ఆకలి తెలియదనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఆయన చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లితో మద్రాసు చేరి ఎన్ని ఇబ్బందులు పడ్డాడో తర్వాత 'కోతి కొమ్మచ్చి'లో ఆయనే రాసుకున్నాడు. 'ఆకలీ ఆనందరావు' రాసినవాడికి ఖాళీ కడుపు సంగతి ఒకరు చెప్పాలా? 'ఋణానందలహరి' రాసినవాడికి అప్పు సంగతి? అయినా పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఆకలిని గుమ్మం బయటే ఆపేశాడు. తనకు దొరకని ఇంటిని బుడుగుకు కట్టి ఇచ్చాడని నాకనిపిస్తుంది. అమ్మ, నాన్న, బామ్మ, బాబాయి అందరూ ఉన్న ఇల్లు. అలా చూస్తే ఆ పుస్తకం మీద కోపం రాదు. ఇంకోరకమైన దిగులు వస్తుంది.

సరే, రమణను నిలదీయడం తేలిక. మనమేం చేశాం? శ్రీశ్రీ 'శైశవగీతి'లో పిల్లలనందరినీ కలిపి పలకరించాడు. అది కవిత్వం, దానికి ఆ హక్కుంది. కాని కథలు రాసిన మనం కూడా పిల్లలను కలిపే పలకరించాం. 1979ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ బాలల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఉత్సాహంలో నేనూ ఒక కథ రాశాను. పండుగ రోజు. లోపల బొబ్బట్లు. బయట ఎంగిలి విస్తళ్ళ కుప్ప దగ్గర ఒక కుర్రాడు, ఒక కుక్క. తెల్లవారేసరికి కుర్రాడు చచ్చిపోతాడు. మిత్రుల సమావేశంలో చదివితే చప్పట్లు కొట్టారు. ఒకరు కళ్ళు తుడుచుకున్నారు.

ఈ మధ్య ఆ కథ వెతికి తీసి చదువుకున్నాను. కుర్రాడికి నేను పేరు పెట్టలేదు. వాడికొక అక్క ఉందా, వాడికే ఆట ఇష్టం, అమ్మ వాణ్ణి ఏమని పిలిచేది, ఒక్కటీ కథలో లేదు. రాసిననాడు అవి తెలుసుకోవాలని నాకు తోచనైనా లేదు. అన్నిటికన్నా సిగ్గుపడవలసింది, కథ మొత్తంలో వాడు ఒక్క మాటైనా మాట్లాడడు. బుడుగు నోరు మూసుకోడు, నా కుర్రాడు నోరు తెరవడు. మధ్యతరగతి పిల్లవాడికి మాట ఇచ్చినందుకు రమణను వెక్కిరించిన నేను, బీదవాడి బిడ్డకు చావు తప్ప ఏమీ ఇవ్వలేదు. వాడు మా చేత కన్నీళ్ళు పెట్టించడానికి పుట్టి, ఆ పని కాగానే పోయాడు. భోగినాడు మా గడప అవతల నిలబడ్డ పిల్లకూ నా కథలో కుర్రాడికీ పని ఒకటే: మా ఇంటి దిష్టి మోసుకుపోవడం.

ఇది నా ఒక్కడి కథ జబ్బే అయితే ఈ పత్రికలో ఇంత స్థలం వృథా చేసేవాణ్ణి కాను. బీదల ఇళ్ళలో పండుగ ఉండదని మనం ఒక సూత్రం చేసుకున్నాం. ఉంటుంది. ఎక్కువ లెక్కతో ఉంటుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా మిట్టూరు నుంచి 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు' తెచ్చినప్పుడు మనలో కొందరు ఆ యాసను మెచ్చుకొని ఊరుకున్నారు. యాస ఒక్కటే కాదు అక్కడున్నది. సేద్యం చేసుకునే ఇంటి పిల్లవాడు తన నోటితో తన ఇంటి సంగతి చెబుతాడు. లేమి గురించి చెబుతూనే నవ్విస్తాడు, నవ్విస్తూ ఉండగానే అమ్మ కష్టం కనబడుతుంది. దాన్ని విడిగా చూపించి 'ఇదిగో కష్టం' అని వేలు పెట్టడు. ఆ సీమలో రోజూ రాగి సంగటి తిన్న ఇళ్ళకు పండుగంటే మొదట వరికూడు, తర్వాతే దేవుడు. ఈ లెక్క తెలిసిన పిల్లవాడికి పండుగ విలువ మా మనవడి కంటే బాగా తెలుసు.

ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు జిల్లా కావలిలోని ఒక ముస్లిం ఇంటి బాల్యం. అక్కడ పండుగకు పంచాంగం కూడా అక్కరలేదు. పిల్లల కోసం హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన కథల పుస్తకాల్లో ఆయన 'తలకాయ కూర' ఉంది. ఆ ఇంట్లో తలకాయ కూర వండే రోజే పండుగ. మన పండుగ కథల్లో అరిసెలు పళ్ళెంలో ప్రత్యక్షమవుతాయి. బియ్యం నానబోసి, దంచి, పిండి జల్లించి, బెల్లం పాకం పట్టి, కాగే నూనె దగ్గర గంటల తరబడి కూర్చున్నదెవరో అడగం. పండుగ అంటే సెలవు, కాని ఆ సెలవు ఇంట్లో అందరికీ ఉండదు. వంటను పిల్లల కథకు వస్తువు చేస్తే పండుగ వెనకనున్న పని దాచినా దాగదు.

వీటిని ఆకాశానికెత్తి ఊరుకోవడం కూడా విమర్శ కాదు. నామినిలోనూ ఖదీర్ బాబులోనూ జ్ఞాపకం చెప్పేది కొడుకు. పెద్దవాడై, చదువుకొని, పట్నం చేరి వెనక్కి తిరిగి చూసిన కొడుకు. అంత దూరం నుంచి చూసేసరికి అమ్మ అలసట తీపి పదార్థమైపోయే ప్రమాదముంది. అన్నిచోట్లా కాదు, కొన్నిచోట్ల ఆ తీపి నాకు తగిలింది. కూతురు చెబితే ఇంత తియ్యగా ఉంటుందా? తమ్ముణ్ణి ఎత్తుకొని తిరిగింది కూతురు, అమ్మ పనికి పోతే పొయ్యి రాజేసింది కూతురు, బడి మానింది కూతురు. అన్వేషి పుస్తకాల్లోనే గోగు శ్యామల రాసిన తాటకి ఉంది. పొలం పనికి పోయే పిల్ల, ఎవరికీ తలవంచని పిల్ల. ఆమె అల్లరిని అల్లరి అనరు, పొగరు అంటారు. బుడుగు చేస్తే ముద్దు, తాటకి చేస్తే పొగరు. తెలుగులో బాల్యాన్ని గురించి రాయదలచుకున్న విమర్శకుడు ముందు ఈ రెండు మాటల మధ్య దూరాన్ని కొలవాలి.

ఈ రోజుల్లో మొదటి పుట్టినరోజులు ఫంక్షన్ హాళ్ళలో జరుగుతున్నాయి. వాటి మీద కథలు వస్తున్నాయి, అన్నీ దుబారా మీద వెక్కిరింపులే. ఏడ్చే పిల్లవాడి చేత బలవంతంగా కేకు కోయించడం వెక్కిరించవలసిందే. అయితే హాలు వెనక రాత్రి పదకొండింటికి పళ్ళేలు కడిగే ఆవిడ పక్కన గోనెపట్టా మీద నిద్రపోతున్న పసివాడి కథ నాకింకా కనబడలేదు. చచ్చిపోయే కథ కాదు నేనడుగుతున్నది. నిద్రలేచి, బెలూను దొరికితే ఆడుకొనే కథ.

భోగి అయిన రెండు వారాలకు, ఒక ఆదివారం, మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని 'తలకాయ కూర' చదువుతున్నాను. మా ఇంట్లో ఉల్లిపాయకే ఒకప్పుడు పెద్ద గొడవ, కాబట్టి గొంతు తగ్గించే చదివాను. పనావిడ కూతురు ఆ రోజూ వచ్చింది. వాకిట్లో కూర్చొని వింటున్నదని నేను గమనించలేదు. "తాతగారూ, మా అమ్మ కూడా వండిద్ది. కాల్చినాక కత్తితో గీకాల, లేకపోతే వెంట్రుకల వాసనొచ్చిద్ది" అంది. తర్వాత ఎలా కడుగుతారో, ఏ ముక్క ఎవరికి వేస్తారో, నాలుక తనకే కావాలని తమ్ముడు ఎలా పేచీ పెడతాడో చేతులు తిప్పుతూ మావాడికి చెప్పడం మొదలుపెట్టింది. వాడు నోరు తెరుచుకొని విన్నాడు. 'బుడుగు' చదివినప్పుడు కూడా అంత బుద్ధిగా వినలేదు. ఆ పిల్ల పేరు నేనింతవరకు అడగలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. అడిగాను. చెప్పింది.

"ఇక ఆ పుస్తకం చాలించండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఇంకా కొన్ని పేజీలున్నాయన్నాను. "తాతయ్యా, మనమెప్పుడు వండుకుంటాం?" అన్నాడు వాడు. ఆ చర్చ మా ఇంట్లో ఇంకా తెగలేదు.