రాగి తీగ, కార్బన్ పట్టీ

రామగుండంలో అందరి చూపూ నేల కిందికే. గోదావరిఖని బాయిల్లోంచి ఎంత బొగ్గు లేచింది, ఎన్టీపీసీకి ఎంత చేరింది, ఎప్పుడూ ఇవే లెక్కలు. స్టేషన్లో బొగ్గు రేకు కదిలేటప్పుడు ఒక్కసారి తల పైకెత్తి చూడమంటాను. 58 వ్యాగన్లు, నాలుగున్నర వేల టన్నులకు పైబడ్డ బరువు. దాన్ని లాగే శక్తంతా 25,000 వోల్టుల తీగకూ ఇంజను నెత్తిమీది పాంటోగ్రాఫ్‌కూ నడుమ, వేలెడంత కూడా లేని ఒరిపిడిలోంచి దిగుతోంది.

ఆ తీగది అందమైన వంకర నడక. పట్టాలు తిన్నగా సాగినచోట కూడా నడిమి గీత నుంచి ఒక స్తంభం దగ్గర 20 సెంటీమీటర్లు ఇటూ, తర్వాతి స్తంభం దగ్గర అంతే దూరం అటూ జరుగుతుంది. తిన్నగా కడితే పాంటోగ్రాఫ్ పట్టీ ఒక్కచోటే కోసుకుపోయి గాడి పడుతుంది. వంకరగా కడితే అరుగుదల పట్టీ వెడల్పంతా పంచుకుంటుంది. పట్టీ మార్చడం షెడ్డులో జరిగే పని, తీగ మార్చాలంటే లైనే ఆపాలి. అందుకే కార్బన్ అరిగి రాగిని బతికిస్తుంది. ఈ బొగ్గు నేల మీద పైన అరిగేది కూడా బొగ్గు జాతిదే కావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్లలోపే కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్డు. డబ్ల్యూఏజీ-7 ఇంజనులో ఆరు ట్రాక్షన్ మోటార్లు, మొత్తం 5,000 అశ్వశక్తి. మోటారు మూత తీసి టార్చి వేస్తే, కార్బన్ బ్రష్షులు ఒరుసుకునే రాగి కడ్డీల చక్రం, కమ్యుటేటర్, కనబడుతుంది. అక్కడ కొత్త రాగి మెరుపు మంచి లక్షణం కాదు. చక్కగా పనిచేసిన కమ్యుటేటర్ మీద లేత గోధుమ నుంచి చాక్లెట్ రంగు దాకా ఒక పలుచని పొర ఉంటుంది. రాగి ఆక్సైడు, బ్రష్షుల కార్బన్, గాలిలో తేమ కలిసి, తిరిగి తిరిగి ఏర్పడ్డ పొర అది. ఎవరూ పూయని పూత! రంగు అంతటా సమంగా ఉందా, కొన్ని కడ్డీలే నల్లబడ్డాయా, అంచుల్లో నిప్పురవ్వల మచ్చలున్నాయా అని టెక్నీషియన్ నిదానంగా చూస్తాడు. గీకి తళతళలాడించాలన్న ఉబలాటాన్ని ఆపుకోవడంలోనే ఉంది అతని రసజ్ఞత. ఇంతకంటే సూక్ష్మమైన వర్ణదృష్టి చిత్రకారుల్లోనూ అరుదేనంటాను.

ఇక ఆర్నో. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే సింగిల్ ఫేజును మూడు ఫేజులుగా మార్చి బ్లోయర్లకూ కంప్రెసర్లకూ అందించే యంత్రం. డీజేను, అంటే ఇంజను మెయిన్ సర్క్యూట్ బ్రేకర్‌ను, క్లోజ్ చేయగానే బరువైన మూలుగు. వేగం అందుకున్నాక క్యూసీవార్ రిలే పనిచేసి స్టార్టింగ్ కాంటాక్టర్ విడిపోతుంది, మూలుగు తేలికై ఒకే శ్రుతి మీద నిలుస్తుంది. బేరింగు చెడబోతే ఆ శ్రుతిలోనే తెలిసిపోయేది.

తర్వాత పాత ఇంజన్లలో ఆర్నోను దించి స్టాటిక్ కన్వర్టర్ బిగించే మార్పు వచ్చింది. మేలైన మార్పే. మూడు ఫేజులూ సమతూకంగా వస్తాయి కాబట్టి బ్లోయర్ల, కంప్రెసర్ల మోటార్లు కాలిపోవడం తగ్గుతుంది. అయినా ఆ గొంతు పోయినందుకు నాకు బెంగే. ఆ బెంగను మరిపించేది కేబుళ్ళు కట్టిన తీరు. ప్రతి తీగకూ ఫెర్రూల్ మీద నంబరు, ప్రతి వంపుకూ ఒకే కొలత. పాత రిలేలు తమ పని తాము చేసుకుంటూనే కొత్త యంత్రంతో కలిసిపోవాలి. ఆ అతుకు కనబడకుండా చేసినవాడి చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

డబ్ల్యూఏజీ-9 వచ్చాక కమ్యుటేటరే లేదు, బ్రష్షులూ లేవు. త్రీఫేజ్ మోటార్లు, 6,000 అశ్వశక్తి. బ్రేకు వేస్తే ఆ మోటార్లే జనరేటర్లై కరెంటును తిరిగి తీగకెక్కిస్తాయి. బాయిలోంచి ఎత్తిన బొగ్గు, ఇంకా కాలకముందే, తన బరువుతోనే కాస్త కరెంటు ఇచ్చిపోతుందన్నమాట! ఇది కంటికీ చెవికీ ఆనే అందం కాదు. క్యాబ్‌లో తెర మీద వాడిన యూనిట్ల పక్కనే తిరిగిచ్చిన యూనిట్లు కనబడతాయి. షెడ్డుకొచ్చిన ఇంజనులో టెక్నీషియన్ ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగితే, నేనూ అతని పక్కన అక్కడే ఆగుతాను.